ప్రూఫులు మోసిన బాలిక

పురాతన ముద్రణాయంత్రములను గూర్చి ముఖచిత్ర కథనమొకటి శుక్రవారములోపల కావలెనని సంపాదకులు ఆదేశించినపుడు, ఆంట్వెర్ప్ నగరమందలి ప్లాంటిన్-మొరెటస్ మ్యూజియమున నేను చూచివచ్చిన రెండు కొయ్యమరలను, 1600 ప్రాంతమున నిర్మితములై లోకమున నేడు మిగిలినవానిలో అతిప్రాచీనములని పేరొందినవానిని, వర్ణింప సంకల్పించితిని. కాని వ్రాయ గూర్చుండినది మొదలు, 1570 నవంబరులో ఆ ముద్రణాలయ స్థాపకుడు క్రిస్టోఫర్ ప్లాంటిన్ స్పెయిను రాజు కార్యదర్శికి వ్రాసిన లేఖ యొకటి నా మనస్సును పట్టి విడువకున్నది.

ఆ లేఖయందతడు తన కుమార్తెలను గూర్చి చెప్పుకొనుచున్నాడు. నాలుగైదేండ్ల ప్రాయము మొదలు పండ్రెండేండ్లు వచ్చువఱకు పెద్దపిల్లలు నలువురును, ఏ భాషవైనను, ప్రూఫులు చదువుటలో తోడ్పడిరనియు, చూపు మందము గాకున్నచో పెద్దామె మార్గరెట్ గొప్ప లేఖకురాలయ్యెడిదనియు, నాలవదియగు మాగ్దలీన్, తండ్రి అప్పుడు ముద్రించుచున్న బహుభాషా బైబిలు ప్రూఫులను పండితుడు ఆరియస్ మొంటానస్ బసకు మోసికొనిపోయి, హీబ్రూ, కాల్డియను, సిరియాక్, గ్రీకు, లాటిను మూలములను చదువుచుండగా, ఆయన అచ్చుకాగితములను సరిచూచుచుండెననియు తెల్పినాడు. ఆమెకప్పటికి పదమూడేండ్లు!

ఆ వాక్యమును చదివినప్పుడు నా యొడలు గగుర్పొడిచినది. బాల్యమున మా ఊరి చిన్న అచ్చుకూటమున నేనును కాపీ హోల్డరునే. ప్రూఫురీడరు ఎదుట ముక్కాలిపీటపై గూర్చుండి, అర్థమెఱుగని సంస్కృతశ్లోకములను దీర్ఘములు, విసర్గలతో సహా పైకి చదువుచుండెడివాడను. అర్థము తెలిసినవాని కన్ను, రాబోవు పదమును మనస్సు ముందే పూరించుకొనుటచే, తప్పును దాటిపోవును; తెలియనివాడు ప్రతి యక్షరమునొద్దను ఆగి దానిని గుర్తుపట్టి గాని ముందునకు సాగజాలడు. నేనొక్క లిపితోనే తడబడితిని. ఆ బైబిలు పూర్వభాగమును విప్పినచో, జంటపుటలో కుడినుండి యెడమకు నడచు హీబ్రూ, దాని ప్రక్క లాటిను, ఎదుట గ్రీకు, క్రింద కాల్డియను పాఠము! ఒక లిపినుండి మఱియొక లిపికి చూపును మరల్చుకొనుటయే ఎంతటి సాధన! మ్యూజియమున దిద్దుబాటు గదిలోని ఓకుబల్ల కడ నేను చిరకాలము నిలిచితిని.

ఇక చరిత్ర సంగ్రహముగా: ఫ్రాన్సున జన్మించి, పుస్తకముల జిల్దుకట్టు పనితో జీవించిన ప్లాంటిన్ 1555లో ముద్రణ నారంభించి, ఇరువదేండ్లు నిండకమునుపే 16 మరల యజమానియయ్యెను, ఎనిమిది సంపుటముల ఆ బైబిలు 1568 మొదలు 1573 వఱకు సాగెను, అల్లుడు యాన్ మొరెటస్ వంశీయులు 1876లో భవనమును నగరమునకు విక్రయింపగా, మరుసటియేడు మ్యూజియము తెఱచిరి, 2005లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వమున జేర్చెను.

మిగిలిన ముచ్చటలు

ఆ కొయ్యమరలపై అచ్చువేయుటకు కాగితమును ముందుగా తడిపియుంచవలెను. ఒకడు తోలుబంతులతో అక్షరములకు సిరా నద్దగా, వేఱొకడు మరపిడిని లాగును. పెద్దకాగితపు ఒక్క ప్రక్కకే రెండు లాగుడులు. ఇట్లు దినమునకు 1250 కాగితములను ఇరుప్రక్కల నచ్చువేయుట ఆనాటి జంటపనివారి వంతు.

1572లో మాగ్దలీన్ పుస్తకవర్తకుడు గిల్ బెయిస్‌ను వివాహమాడెను.

ప్లాంటిన్ రచించెనని చెప్పబడు పద్యమును పాతమరపై నచ్చొత్తి సందర్శకులకిచ్చు సంప్రదాయ మచట కలదు. నేను దెచ్చుకొన్న ప్రతిని వెనుకకు ద్రిప్పి వ్రేలితో తడవినచో, అక్షరముల ఒత్తు ఇప్పటికిని తగులుచున్నది.