పడవకు ఎంత సోలార్ కావాలి?

కాకినాడ తీరం నుంచి రాత్రి వేటకు వెళ్లే చిన్న పడవ ఒకటి ఉందనుకుందాం. నడిసంద్రంలో దానికి కరెంటు ఎలా?

ముందు కరెంటు ఖర్చు లెక్కేయాలి. 10 వాట్ల ఎల్‌ఈడీ దీపం 10 గంటలు వెలిగితే 100 వాట్-అవర్లు. 5 వాట్ల జీపీఎస్‌కు మరో 50. మొత్తం 150.

ప్యానెల్ ఎంతది? పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతుంది. అందుకే రోజంతటి ఎండ సుమారు 5 గంటల నిండు ఎండతో సమానం. 50 వాట్ల ప్యానెల్‌కు 50×5=250. వేడి, తీగలు, బ్యాటరీ మింగేది పోగా 175 దాకా మిగులుతుంది. చాలు!

బ్యాటరీ? 150ని 12 వోల్టులతో భాగిస్తే 12.5 ఆంపియర్-అవర్లు. లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే త్వరగా పాడవుతుంది. కాబట్టి 25 కావాలి. మబ్బు పట్టిన రోజుకు మరో 25. అతిగా చార్జ్ కాకుండా మధ్యలో చార్జ్ కంట్రోలర్ కాపలా ఉండాలి.

ప్యానెల్‌పై నీడ ఎందుకు పడకూడదు? దానిలోని సెల్స్ దండలో పూసల్లా వరుసగా కలిసి ఉంటాయి. పడవలోని నిలువు కొయ్య నీడ ఒక్క సెల్‌ను కప్పినా కరెంటు బాగా పడిపోతుంది.

ఇంకో శత్రువు ఉప్పుగాలి. రాగి తీగల కొసలకు పచ్చగా చిలుము పట్టిస్తుంది. అందుకే తగరం పూత తీగలే మేలు.