పరగడుపున నడవాలా, టిఫిన్ తిన్నాక నడవాలా?

రోజూ కాసేపు నడవండి అని మేము చెప్పగానే చాలామంది వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏమీ తినకుండా నడవాలా డాక్టరు గారూ, టిఫిన్ చేశాక నడవాలా?" భార్యాభర్తలు కలిసి వస్తే ఒక్కోసారి మా ముందే వాదించుకుంటారు. పరగడుపున నడిస్తేనే కొవ్వు కరుగుతుందని ఆయన అంటారు. తినకుండా వెళ్తే కళ్ళు తిరుగుతాయని ఆవిడ అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అయితే ఏ మాట ఎవరికి వర్తిస్తుందో తెలియకపోతే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఈసారి ఈ విషయాన్ని వివరంగా రాస్తున్నాము.

మన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లో ఒకప్పుడు ఈ ప్రశ్నతో పని లేదు. ద్రాక్ష తోటల్లో, కూరగాయల మళ్ళలో పొద్దుటి నుండి సాయంత్రం దాకా ఒళ్ళు వంచి పనిచేసేవారికి వేరే వ్యాయామం ఎందుకు? ఇప్పుడు ఆ తోటలు చాలావరకు ప్లాట్లు, గోదాములు, ఫ్యాక్టరీలు అయ్యాయి. పని కుర్చీలోకి, ప్రయాణం బండి మీదికి మారాయి. పళ్ళెంలో అన్నం మాత్రం తగ్గలేదు. భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగి, 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉంది. పెద్దవారిలో దాదాపు సగం మంది చాలినంత శారీరక శ్రమ చేయడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలిపింది. ఆడవారిలో ఇది 57 శాతం, మగవారిలో 42 శాతం.

కాబట్టి మొదటి మాట ఇది: ఏ వేళ నడిచినా, అసలు నడవకపోవడం కంటే మేలు. వారానికి కనీసం 150 నిమిషాలు, అంటే రోజుకు 30 నిమిషాల చొప్పున 5 రోజులు, కాస్త ఊపిరి వేగం పెరిగేలా నడవాలి. ఇక వేళ సంగతి చూద్దాం.

ఒంట్లో ఏం జరుగుతుంది?

రాత్రి 8 గంటలకు భోంచేసి ఉదయం 6 గంటలకు లేస్తే, మనం 10 గంటలు ఏమీ తినలేదన్న మాట. అయినా మెదడుకు, గుండెకు శక్తి కావాలి కదా! కాలేయం తాను దాచుకున్న చక్కెరను కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతూ ఉంటుంది. ఆ సమయంలో రక్తంలో ఇన్సులిన్ తక్కువగా ఉంటుంది. అప్పుడు నడిస్తే శరీరం కొవ్వును ఎక్కువగా వాడుకుంటుంది. "పరగడుపున నడిస్తే కొవ్వు కరుగుతుంది" అనే మాటకు ఆధారం ఇదే.

టిఫిన్ తిన్నాక పరిస్థితి వేరు. ఇడ్లీ, ఉప్మా, పూరీ, ఏది తిన్నా అది చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. సాధారణంగా గంట, గంటన్నరకు ఆ చక్కెర బాగా పెరుగుతుంది. ఆ సమయంలో మనం నడుస్తుంటే కాళ్ళ కండరాలు ఆ చక్కెరను లాక్కుని ఖర్చు చేస్తాయి. ఇన్సులిన్ సరిగా పనిచేయని షుగరు రోగుల్లో కూడా, పనిచేస్తున్న కండరం వేరే దారిలో చక్కెరను తీసుకోగలదు. నడకను మేము మందుతో సమానంగా చెప్పేది ఇందుకే.

బరువు తగ్గాలనుకునేవారికి

ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయం వారు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. అధిక బరువున్న 30 మంది మగవారిని 6 వారాలు గమనించారు. అల్పాహారానికి ముందు సైకిలు తొక్కినవారు, తిన్నాక తొక్కినవారికంటే దాదాపు రెట్టింపు కొవ్వును ఖర్చు చేశారు. వారి శరీరం ఇన్సులిన్‌కు స్పందించే తీరు కూడా మెరుగుపడింది. అయితే 6 వారాల తర్వాత తూకం చూస్తే రెండు గుంపుల బరువులో తేడా లేదు. 2014లో అమెరికాలో 20 మంది యువతులతో 4 వారాలు జరిగిన మరో అధ్యయనంలోనూ ఇదే తేలింది. తినకుండా వ్యాయామం చేసినవారూ, తిని చేసినవారూ ఒకేలా బరువు తగ్గారు.

అంటే బరువు విషయంలో రోజు మొత్తం మీద ఎంత తిన్నాం, ఎంత నడిచాం అన్నదే లెక్క. షుగరు, గుండె జబ్బు లేని ఆరోగ్యవంతులు ఒక గ్లాసు నీళ్ళు తాగి పరగడుపున హాయిగా నడవవచ్చు. ఇంటికి వచ్చి "నడిచాను కదా" అని రెండు పూరీలు ఎక్కువ తింటే మాత్రం ఆ నడక వృథా అవుతుంది.

షుగరు ఉన్నవారికి తిన్నాక నడక మేలు

న్యూజిలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు 41 మంది మధుమేహ రోగులకు రెండు రకాల సలహాలు ఇచ్చి చూశారు. కొన్నాళ్ళు రోజులో ఏదో ఒక వేళ 30 నిమిషాలు నడవమన్నారు. కొన్నాళ్ళు మూడు పూటలా తిన్నాక 10 నిమిషాల చొప్పున నడవమన్నారు. మొత్తం నడక అంతే. అయినా తిన్నాక నడిచిన రోజుల్లో భోజనం తర్వాతి షుగరు సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత అయితే 22 శాతం తగ్గింది. ఈ ఫలితాలు 2016లో వెలువడ్డాయి.

మనకు ఇది ముఖ్యమైన మాట. మన ఇళ్ళలో రాత్రి 9 గంటలకు కడుపు నిండా అన్నం తిని, టీవీ చూసి, అలాగే పడుకుంటాం. ఆ భోజనం తర్వాత ఇంటి ముందు సందులోనో, డాబా మీదనో 10 నిమిషాలు నడిస్తే చాలు. పరుగు అక్కరలేదు, బూట్లు కూడా కొననక్కరలేదు. పక్కవారితో మాట్లాడుతూ నడవగలిగే వేగం సరిపోతుంది. కానీ షుగరు ఉన్నవారు ఇంటి ముందైనా చెప్పులు లేకుండా నడవవద్దు. అరికాలికి తిమ్మిరి ఉంటే ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

ఎవరు పరగడుపున నడవకూడదు?

దయచేసి ఈ భాగం జాగ్రత్తగా చదవండి. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లైమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు ఏమీ తినకుండా చాలాసేపు నడిస్తే రక్తంలో షుగరు పడిపోవచ్చు. ఒక్క మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. అయితే మెట్‌ఫార్మిన్, గ్లైమిపిరైడ్ రెండూ కలిపిన మాత్రలు ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు. కాబట్టి మీ మాత్రలో ఏ మందులు ఉన్నాయో మందుల షాపులోనో, మా ఫార్మసీలోనో అడిగి తెలుసుకోండి.

మేము తరచూ వినే సంగతి ఏమిటంటే, ఉదయం 6 గంటలకు మాత్ర వేసుకుంటారు. ముప్పావు గంట నడుస్తారు. దారిలో నలుగురూ కలిస్తే మాటల్లో పడతారు. ఇంటికి వచ్చి స్నానం చేసి, 9 గంటలకు టిఫిన్ తింటారు. మాత్ర తన పని తాను చేస్తూనే ఉంటుంది, కడుపులో మాత్రం ఏమీ ఉండదు.

ఇంట్లో తల్లుల సంగతి ఇంకా కష్టం. పిల్లల టిఫిన్ బాక్సులు సర్ది, భర్తను డ్యూటీకి పంపి, గిన్నెలు కడిగి, చల్లారిన ఇడ్లీ 10 గంటలకు తింటారు. మాత్ర మాత్రం 7 గంటలకే మర్చిపోకుండా వేసుకుంటారు. వారు నడకకు వెళ్ళకపోయినా ఇంటి పని కూడా శ్రమే. ఆ కుటుంబాల్లోని మగవారికి, పెద్ద పిల్లలకు మా మనవి: మాత్ర వేసుకున్న అమ్మ ముందు తిన్నదా లేదా చూడండి. ఆమె పళ్ళెం చివర పెట్టవద్దు.

ఈ మందులు వాడేవారు ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే నడకకు ముందు షుగరు చూసుకోవాలి. 90 కంటే తక్కువ ఉంటే ఒక అరటిపండో, ఒక ఇడ్లీయో తిని బయలుదేరాలి. 250 దాటి ఉండి, ఒంట్లో నలతగా కూడా ఉంటే ఆ రోజు వ్యాయామం మాని డాక్టరును కలవాలి.

షుగరు పడిపోతే ఏం చేయాలి?

ఒళ్ళంతా చెమట, చేతుల వణుకు, గుండె దడ, విపరీతమైన ఆకలి, చూపు మసకబారడం, మాట తడబడటం లో షుగరు గుర్తులు. 70 కంటే తగ్గితే లో షుగరు అంటాము. అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి బీపీ మాత్రలు వాడేవారికి దడ, వణుకు తెలియకపోవచ్చు. చెమట మాత్రం పడుతుంది.

వెంటనే నడక ఆపి కూర్చోండి. 3 చెంచాల చక్కెర లేదా గ్లూకోజు పొడి నీళ్ళలో కలిపి తాగండి. 15 నిమిషాలు ఆగి చూడండి. తగ్గకపోతే మళ్ళీ తాగండి. తేరుకున్నాక టిఫిన్ తప్పక తినండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. నడకకు వెళ్ళేటప్పుడు జేబులో గ్లూకోజు పొట్లం, షుగరు రోగి అని రాసిన చీటీ ఉంచుకోండి.

గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారికి

కడుపు నిండా తిన్న వెంటనే రక్తం జీర్ణకోశం వైపు ఎక్కువగా వెళ్తుంది, గుండెకు పని పెరుగుతుంది. గుండె నొప్పి ఉన్నవారు పెద్ద భోజనం తర్వాత రెండు గంటలు ఆగి నడవడం మంచిది. వయసు మళ్ళినవారిలో కొందరికి తిన్నాక బీపీ తగ్గి కళ్ళు తిరుగుతాయి. వారు కాసేపు కూర్చుని, తోడు ఉన్నప్పుడే లేచి నడవాలి. నడుస్తుంటే ఛాతీలో బరువుగా, పట్టేసినట్టుగా అనిపిస్తే గ్యాసు అని సోడా తాగి ఊరుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి రండి.

డిసెంబరు, జనవరి నెలల్లో మన వైపు తెల్లవారుజామున చలి, మంచు ఉంటాయి. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు ఎండ పొడ వచ్చాక నడవడం మేలు. మేడ్చల్ హైవే మీద, రాజీవ్ రహదారి అంచున చీకట్లో నడక అసలే వద్దు. లారీలవారికి మీరు కనబడరు. ఊరి లోపలి దారులు, బడి మైదానం, చర్చి ఆవరణ క్షేమం.

రక్తపరీక్ష రోజున, ఉపవాసం రోజున

పరగడుపు పరీక్షకు వచ్చే రోజు షుగరు మాత్ర గానీ, ఇన్సులిన్ గానీ ముందుగా తీసుకోవద్దు. రక్తం ఇచ్చి, మందు తీసుకుని, టిఫిన్ తినండి. కొందరు టిఫిన్ తిన్నాక రెండో పరీక్ష దాకా మా వరండాలో గబగబా తిరుగుతుంటారు. ఎందుకని అడిగితే "షుగరు తక్కువ వస్తుందని" అంటారు! నిజమే, తక్కువ వస్తుంది. తిన్నాక నడక పనిచేస్తుందని అదే రుజువు. కానీ ఆ ఒక్క రోజు నడిస్తే రిపోర్టు మాత్రమే బాగుంటుంది, రోగి బాగుండరు. మూడు నెలల సగటు చూపే హెచ్.బి.ఎ.1సి. పరీక్షలో అసలు సంగతి బయటపడుతుంది. ఆ వరండా నడకను రోజూ ఇంటి దగ్గర నడవమనే మేము కోరేది.

శుక్రవారం ఉపవాస ప్రార్థనలకు, ఈస్టరుకు ముందు 40 దినాల ఉపవాసాలకు సిద్ధపడే సంఘ సభ్యుల్లో షుగరు మందులు వాడేవారు ముందుగా డాక్టరును కలిసి మోతాదు మార్పించుకోండి. ఆ రోజుల్లో దూరం నడక పెట్టుకోవద్దు. షుగరు 70 కంటే తగ్గితే ఉపవాసం విరమించండి. పాస్టరు గారికి సంగతి చెబితే తప్పక అర్థం చేసుకుంటారు.

గుర్తుంచుకోండి

• ఏ జబ్బూ లేనివారు పరగడుపున నడిచినా, తిన్నాక నడిచినా మంచిదే. మీకు రోజూ కుదిరే వేళే మీకు సరైన వేళ.
• షుగరు రోగులు ప్రతి పూటా తిన్నాక 10, 15 నిమిషాలు నెమ్మదిగా నడవాలి. రాత్రి భోజనం తర్వాత తప్పనిసరి.
• ఇన్సులిన్, గ్లైమిపిరైడ్ వంటి మందులు వాడేవారు తినకుండా నడవవద్దు. మందు వేసుకున్నాక టిఫిన్ ఆలస్యం చేయవద్దు.
• తిన్న వెంటనే పరుగు, బరువులెత్తడం, ముందుకు వంగే ఆసనాలు వద్దు. రెండు, మూడు గంటల తేడా ఉంచండి.
• మొదటి షిఫ్టుకు వెళ్ళేవారు ఉదయం కుదరకపోతే మధ్యాహ్నం క్యాంటీన్ భోజనం తర్వాత 10 నిమిషాలు నడవండి.

ఈసారి ఆసుపత్రికి వచ్చేటప్పుడు మీ మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని రండి. మాత్ర ఎన్నింటికి వేసుకుంటున్నారో, టిఫిన్ ఎన్నింటికి తింటున్నారో, ఎప్పుడు నడుస్తున్నారో ఒక కాగితం మీద రాసి తెండి. ఆ మూడు వేళలూ చూసి, మీకు ఏది సరిపోతుందో మీతో కూర్చుని చెబుతాము.