సామోస్ ద్వీపం – పేరున్నవాళ్ళు, పేరులేనివాళ్ళు



పైథాగరస్ సిద్ధాంతం చదవకుండా పదో తరగతి దాటినవాళ్ళు మనలో ఎవరూ ఉండరు. నేనూ ఇదే హాస్టల్ వరండాలో, స్టడీ అవర్‌లో కూర్చుని దాన్ని బట్టీ పట్టినవాణ్ణే. "లంబకోణ త్రిభుజంలో కర్ణం మీది వర్గం మిగిలిన రెండు భుజాల మీది వర్గాల మొత్తానికి సమానం" అని ఒక్క ఊపిరిలో చెప్పేవాణ్ణి. మార్కులు వచ్చాయి. కానీ ఈ పైథాగరస్ ఎవరు, ఏ ఊరివాడు అన్న ప్రశ్న అప్పుడు నాకు తట్టనే లేదు. పీజీలో చేరాక లైబ్రరీలో చదువుతుంటే అతని ఊరు సామోస్ అని తెలిసింది. ఆ ఒక్క ద్వీపం గురించి చదవడం మొదలుపెడితే ఎంతోమంది పేర్లు బయటపడ్డాయి. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ సారు అడగగానే ఇదే రాయాలనిపించింది.

ఎక్కడుంది ఈ సామోస్?

గ్రీసు దేశానికి తూర్పు అంచున, ఏజియన్ సముద్రంలో ఉంది. వైశాల్యం దాదాపు 477 చదరపు కిలోమీటర్లు. మన వైపు రెండు మూడు మండలాలు కలిపితే అంత ఉంటుంది. ఎదురుగా కనిపించేది టర్కీ తీరం. రెంటికీ మధ్య సముద్రం ఇరుకైన చోట రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఇంత చిన్న నేల క్రీ.పూ. 6వ శతాబ్దంలో గ్రీకు ప్రపంచంలోకెల్లా బలమైన రాజ్యాల్లో ఒకటి.

ఉంగరం పారేసిన రాజు

అప్పటి పాలకుడు పాలిక్రటీస్. పెద్ద నౌకాదళం పెట్టుకుని చుట్టుపక్కల ద్వీపాలను లొంగదీసుకున్నాడు. అతని గురించి హెరొడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు ఒక కథ రాశాడు. ఏం పట్టుకున్నా బంగారమవుతున్న పాలిక్రటీస్‌కు ఈజిప్టు రాజు అమాసిస్ కబురు పంపాడట. "ఇంత అదృష్టం మంచిది కాదు. నీకు అన్నిటికన్నా ప్రియమైన వస్తువును పారేయి" అని ఆ కబురు సారాంశం. పాలిక్రటీస్ తన ఉంగరాన్ని సముద్రంలో విసిరేశాడు. కొద్ది రోజులకే ఒక జాలరి పెద్ద చేపను కానుకగా తెచ్చాడు. కోసి చూస్తే దాని కడుపులో అదే ఉంగరం! మనకు వెంటనే శకుంతల ఉంగరం గుర్తుకొస్తుంది. శకుంతలకు ఆ ఉంగరం మేలు చేసింది. పాలిక్రటీస్‌కు మాత్రం కీడు తప్పలేదు. క్రీ.పూ. 522 ప్రాంతంలో పర్షియన్ అధికారి ఒకడు నమ్మించి పిలిపించి చంపించాడు.

కొండలోంచి నీళ్ళు

సామోస్‌లో మూడు గొప్ప నిర్మాణాలున్నాయని హెరొడోటస్ రాశాడు. ఒకటి రేవును కాపాడే సముద్రపు కట్ట, రెండోది హేరా దేవత ఆలయం, మూడోది కొండను తొలిచిన సొరంగం. ఈ సొరంగం నేటికీ ఉంది. ఈ ప్రాచీన పట్టణాన్నీ, హేరా ఆలయాన్నీ యునెస్కో 1992లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కొండకు ఒకవైపు ఊట, రెండోవైపు పట్టణం. ఊట నీటిని పట్టణానికి తేవాలి. అందుకోసం 1,036 మీటర్ల పొడవున సున్నపురాయి కొండను సుత్తితో, ఉలితో తవ్వారు. తొందరగా పూర్తికావాలని రెండు వైపుల నుంచీ ఒకేసారి మొదలుపెట్టారు. దిక్సూచి లేదు, యంత్రం లేదు. లోపల చీకటి. మరి రెండు జట్లూ ఎలా కలుసుకున్నాయి? రెండు దారులు పక్కపక్కనే సమాంతరంగా పోతే ఎప్పటికీ కలవవు. అందుకే మధ్యకు వచ్చాక దారిని కావాలనే పక్కకు వంచారని, అలా వంచితే ఎక్కడో ఒకచోట రెండూ ఖండించుకోక తప్పదని పరిశోధకులు వివరిస్తారు. ఎత్తులో కూడా పెద్ద తేడా రాలేదు. సొరంగంలోనే ఒక పక్క లోతైన కాలువ తవ్వి, అందులో మట్టి గొట్టాలు పరిచి నీళ్ళు పారించారు. ఆ నీళ్ళు వందల ఏళ్ళు పట్టణం దాహం తీర్చాయి.

ఈ పని చేయించిన ఇంజనీరు మెగారా పట్టణానికి చెందిన యూపలినస్. అతని తండ్రి పేరు నౌస్ట్రోఫస్ అని కూడా హెరొడోటస్ రాశాడు.

సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి మా నాయినకు చెప్పాను. మాది పాలమూరు. నాయిన మేస్త్రీ వెంట ఎన్నో డ్యాములకు, కాలువలకు మట్టి పనికి పోయినవాడు. అంతా విని ఒక్క మాట అడిగాడు. "తవ్విచ్చినాయన పేరు, ఆయన నాయిన పేరు కూడా రాసిన్రు. మరి తవ్వినోళ్ళ పేర్లు రాసిన్రా బిడ్డా?"

నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ పుస్తకం తీసి వెతికాను. సొరంగం తవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. కానీ అదే హెరొడోటస్ ఇంకో వాక్యం రాశాడు. సామోస్ కోట గోడ చుట్టూ ఉన్న కందకాన్ని లెస్బోస్ ద్వీపం నుంచి పట్టుకొచ్చిన యుద్ధఖైదీలు సంకెళ్ళతోనే తవ్వారట. వాళ్ళ ఊరి పేరైతే మిగిలింది. ఒక్కరి పేరూ మిగలలేదు. ఈ ద్వీపం గురించి చదివేటప్పుడు అప్పటిదాకా నేను గొప్పవాళ్ళ పేర్లే గుర్తులు పెట్టుకున్నాను. నాయిన అడిగాక పేర్లు లేనివాళ్ళ కోసం కూడా వెతకడం మొదలుపెట్టాను.

పేరు మిగిలిన బానిస

అలా వెతికితే ఒక్క పేరు దొరికింది. ఈసప్. మూడో తరగతి నుంచి మనం చదివిన తాబేలు–కుందేలు, నక్క–ద్రాక్షపళ్ళ కథలు ఆయన పేరు మీదే ఉన్నాయి. ఈసప్ సామోస్‌లో ఇయాడ్మన్ అనే వ్యక్తి దగ్గర బానిస అని హెరొడోటస్ రాశాడు. ఈసప్ సామోస్ ప్రజల ముందు చెప్పిన ఒక కథను అరిస్టాటిల్ కూడా ప్రస్తావించాడు. ఒక నక్క గోతిలో ఇరుక్కుంది. ఒళ్ళంతా గోమార్లు. ముళ్ళపంది జాలిపడి వాటిని తీసేస్తానంది. నక్క వద్దంది. "ఇవి ఇప్పటికే కడుపు నిండా తాగాయి. వీటిని తీసేస్తే ఆకలితో ఉన్న కొత్తవి వచ్చి మిగిలిన రక్తం కూడా తాగుతాయి" అంది. ప్రజల సొమ్ము తిన్న నాయకుల గురించి చెప్పిన కథ ఇది. అధికారం లేనివాడు అధికారం ఉన్నవాళ్ళ గురించి ఇంతకన్నా సూటిగా ఎలా చెప్పగలడు? యజమాని ఇయాడ్మన్‌ను ఈ రోజు ఎవరైనా తలుచుకుంటే, అది ఈసప్ వల్లనే.

పైథాగరస్, ఎపిక్యురస్

పైథాగరస్ పాలిక్రటీస్ కాలంవాడే. ఆ నిరంకుశ పాలన భరించలేక క్రీ.పూ. 530 ప్రాంతంలో సామోస్ వదిలి ఇటలీ దక్షిణాన ఉన్న క్రోటన్‌కు వెళ్ళాడని చెబుతారు. అక్కడ ఆయన చుట్టూ ఏర్పడిన బృందంలో స్త్రీలు కూడా ఉన్నారు. ఆయన స్వయంగా రాసిన పుస్తకం ఒక్కటీ దొరకలేదు. ఆయన పేరుతో మనం చదివే సూత్రం అంతకు వెయ్యేళ్ళకు పైగా ముందే బాబిలోనియా వాళ్ళకు తెలుసు. మన దేశపు శుల్బసూత్రాల్లోనూ ఉంది. పేరు ఒక్కరిదే అయినా జ్ఞానం చాలామందిది.

ఎపిక్యురస్ క్రీ.పూ. 341లో సామోస్‌లో పుట్టాడు. తండ్రి బడిపంతులు. తల్లిదండ్రులు ఏథెన్స్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. తర్వాత ఏథెన్స్ వాళ్ళను ద్వీపం నుంచి వెళ్ళగొట్టినప్పుడు ఆ కుటుంబం కూడా ఇల్లు వదిలి పోవలసి వచ్చింది. పెద్దయ్యాక ఆయన ఏథెన్స్‌లో ఒక తోటలో బడి పెట్టాడు. అందులో స్త్రీలకూ బానిసలకూ చోటిచ్చాడు. దేవుళ్ళకు, చావుకు భయపడుతూ బతకనక్కర్లేదని బోధించాడు. మీస్ అనే బానిస ఆయనతోపాటు తత్వం చదివాడు. ఎపిక్యురస్ తన వీలునామాలో మీస్‌ను, మరి ముగ్గురిని బానిసత్వం నుంచి విడిపించాడు.

సూర్యుణ్ణి మధ్యలో పెట్టినవాడు

అరిస్టార్కస్ సుమారు క్రీ.పూ. 310లో సామోస్‌లోనే పుట్టాడు. ఆయన వాడింది మనం చదివిన లంబకోణ త్రిభుజాన్నే. చంద్రుడు సరిగ్గా సగం కనిపించే రోజున భూమి, చంద్రుడు, సూర్యుడు కలిసి ఒక లంబకోణ త్రిభుజం అవుతాయి. లంబకోణం చంద్రుడి దగ్గర ఉంటుంది. భూమి దగ్గర కోణం ఎంతో తెలిస్తే చంద్రుడికన్నా సూర్యుడు ఎన్ని రెట్లు దూరమో లెక్క కట్టవచ్చు. ఆయన ఆ కోణాన్ని 87 డిగ్రీలుగా తీసుకున్నాడు. 18 నుంచి 20 రెట్ల దూరం అని తేలింది. నిజానికి ఆ కోణం 90 డిగ్రీలకు చాలా దగ్గర, దూరం దాదాపు 400 రెట్లు. కొలత తప్పింది కానీ పద్ధతి సరైనదే. సూర్యుడు భూమికన్నా చాలా పెద్దవాడని మాత్రం ఆ లెక్కతోనే తేలిపోయింది. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతోందని కూడా ఆయన చెప్పాడు. ఆ మాట చెప్పినందుకు ఆయన మీద దైవద్రోహం నేరం మోపాలన్నవాళ్ళున్నారు. కోపర్నికస్ పుస్తకం వచ్చింది 1543లో. అంటే దాదాపు 1,800 ఏళ్ళు పట్టింది!

తిరిగి వచ్చినవాడు

ఈ కాలానికి దగ్గరివాడు థెమిస్టోక్లిస్ సోఫూలిస్. 1860లో సామోస్‌లో పుట్టాడు. అప్పట్లో ఆ ద్వీపం ఒట్టోమాన్ సుల్తాను కింద ఉండేది. ఏథెన్స్‌లో, జర్మనీలో పురావస్తుశాస్త్రం చదివి, సొంత ద్వీపానికి తిరిగి వచ్చి రాజకీయాల్లో దిగాడు. 1912లో సామోస్ గ్రీసులో కలవడానికి నాయకత్వం వహించాడు. గ్రీసు ప్రధానమంత్రి అయ్యాడు. 1949లో ఆ పదవిలో ఉండగానే కన్నుమూశాడు.

చివరిగా

ఒక చిన్న ద్వీపంలో ఒక రాజు, ఒక ఇంజనీరు, ఒక బానిస, ఒక పంతులు కొడుకు, లెక్కలు వేసేవాళ్ళు ఇద్దరు. రాజు నౌకలు మునిగిపోయాయి. బానిస చెప్పిన కథలు మన బడిదాకా వచ్చాయి. ఎక్కడ పుట్టాం, ఎవరి ఇంట్లో పుట్టాం అన్నదాన్ని బట్టి బుర్ర రాదు. కానీ పేరు మిగలాలంటే ఎవరో ఒకరు రాయాలి. ఈసప్ పేరు మిగిలింది హెరొడోటస్ రాయబట్టే. సొరంగం తవ్వినవాళ్ళ పేర్లు పోయింది ఎవరూ రాయకపోబట్టే.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. మా నాయిన తవ్విన ఏ కాలువ మీదా ఆయన పేరు లేదు. నాకు తెలిసి ఆయన పేరు అచ్చులో పడింది ఒక్కచోటే. నా పదో తరగతి మెమోలో, 'తండ్రి పేరు' అన్న గడిలో. మీ మెమోల్లోనూ ఆ గడి ఉంటుంది. బాగా చదవండి తమ్ముళ్ళూ. చదువు వచ్చాక, మీ ఇంట్లో, మీ ఊళ్ళో పని చేసినవాళ్ళ పేర్లు, వాళ్ళు చేసిన పనులు ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టండి. నేను ఈ సెలవుల్లోనే మొదలుపెట్టాను. మొదటి పేజీలో మా నాయినతో పనిచేసిన జట్టులోని పద్నాలుగు మంది పేర్లున్నాయి. అన్నీ ఆయనే చెప్పాడు, ఒక్కటీ మరిచిపోలేదు.