ఎందుకని అడగని మర్యాద

సుషీ తినబోయే తెలుగువాడికి ముందు పట్టుకునేది పుల్లల భయం. ముద్ద జారి పడితే పక్క బల్లవాళ్లు నవ్వుతారేమో, పుల్లలు తప్పుగా పట్టుకుంటే వడ్డించేవాడు చూస్తాడేమో అని. ఈ భయం అక్కర్లేదు. అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి అరచేతిలో వత్తే నిగిరి సుషీని చేత్తోనే తినొచ్చు, జపాన్‌లోనూ చాలామంది అలాగే తింటారు. అసలది దొరల తిండి కాదు. టోక్యోకి ఇంకా ఎడో అనే పేరున్న రోజుల్లో, 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో, వీధి బండి దగ్గర నిలబడి రెండు ముద్దలు నోట్లో వేసుకుని పనిలోకి పోయేవాళ్ల తిండి. హనయా యోహెయి అనే వ్యాపారి పేరు దానితో ముడిపడి ఉంది. దాదాపు ఆ కాలంలోనే నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాఠీలు బొంబాయిలో రాళ్లు కొట్టి, మట్టి మోసి, రోడ్లు వేసి, తమ పేరు మిగిలిపోయిన కామాఠీపురాలో గూళ్లు కట్టుకున్నారు. జపాన్ కూలి తిండి 2004లో మోరిమోతో అనే వంటవాడి పేరుతో ముంబై తాజ్ హోటల్‌కి ఎక్కింది. ఇక్కడి కూలి తిండి గల్లీలోనే ఉండిపోయింది.

సుషీ బల్ల దగ్గర పాటించే చిన్న చిన్న పద్ధతులకు కారణాలు తేలిగ్గా అర్థమయ్యేవే. సోయా సాస్‌లో చేప వైపు అద్దాలి, అన్నం వైపు అద్దితే ముద్ద విడిపోతుంది, ఉప్పూ ఎక్కువవుతుంది. అల్లం ముక్క ఒక చేపకీ మరో చేపకీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికే గాని చేప మీద పెట్టుకు తినడానికి కాదు. వసాబీ వంటవాడే లోపల రాసి ఉంటాడు. ముద్దని కొరికి సగం పళ్లెంలో పెట్టకుండా ఒక్కసారే తినాలి. పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, ఒకరి పుల్లల నుంచి మరొకరి పుల్లలకి ముక్క అందించకూడదు. మొదటిది చనిపోయినవాళ్ల ముందు పెట్టే అన్నాన్ని, రెండోది దహనం తర్వాత ఎముకలు ఏరే పద్ధతిని గుర్తుకు తెస్తాయి. పిండం పెట్టే జాతికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వీటిలో ఏది తప్పినా కొంపలంటుకోవు, కొత్తవాళ్లని అందరూ క్షమిస్తారు. కానీ ఏం పెట్టాలో వంటవాడే నిర్ణయించే ఒమకాసే భోజనంలో వీటన్నిటికంటే ముందు వచ్చే మర్యాద ఒకటుంది. చోటు ఖాయం చేసుకునేటప్పుడే 'మీకు పడనివి ఏమైనా ఉన్నాయా' అని అడుగుతారు. అప్పుడు చెప్పడం అతిథి పని. బల్ల ముందు కూర్చుని, ముద్ద చేతికొచ్చాక వద్దనడం అమర్యాద. చెప్పినదానికి వంటవాడు 'ఎందుకు' అని అడగడు. ముంబై తెలుగువాళ్ల చాల్‌లలో, అంటే ఆ ఇరుకు గదుల ఇళ్లలో, పుల్లల విద్య కంటే ఈ ఒక్క పద్ధతి అవసరమని నా వాదన.

మన పద్ధతి ఇందుకు తలకిందులు. వడ్డించేదాకా ఎవరూ ఏమీ అడగరు. వడ్డించాక వద్దంటే వదలరు. కామాఠీపురా పద్నాలుగు గల్లీల్లోగాని, నూలుమిల్లుల కోసం వచ్చిన పద్మశాలీలు స్థిరపడిన వర్లీ, నాయ్‌గావ్, డెలైల్ రోడ్ వైపుగాని, బోనాలకో పెళ్లికో పంక్తి కూర్చుంటే 'గింతేనా? ఇంకింత ఏసుకో బిడ్డా' అనే మాట వినపడకుండా భోజనం ముగియదు. 160 చదరపు అడుగుల బీడీడీ చాల్ గదిలో సంసారం చేసే ఇల్లాలు చుట్టానికి రెండోసారి కూర వేయడం చిన్న విషయం కాదు. ఊళ్లో కరువు చూసి పట్నం చేరిన కుటుంబాల్లో, 1982 సమ్మె తర్వాత మిల్లులు మూతపడి పస్తులు చూసిన ఇళ్లల్లో, కొసరి కొసరి పెట్టడమంటే 'మేమింకా నిలబడే ఉన్నాం' అని చెప్పుకోవడం. దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ ప్రేమ ముందు 'నాకు పడదు' అన్న మాట ఒక్కటే నిలవలేకపోతోంది. పడకపోవడమేమిటి, అందరం తింటున్నాం కదా అంటారు.

అందరూ తిన్నా ఒక్కరికే పడకపోవడం ఎలా ఉంటుందో చూపించడానికి ఈ గల్లీలకు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. బంగడా అని ఇక్కడ, కానాగంత అని మన తీరంలో పిలిచే చేపలో, ట్యూనాలో, వంజరంలో, కవళ్లలో హిస్టిడిన్ అనే పదార్థం సహజంగానే ఎక్కువ. చేప చచ్చాక మంచు అందకపోతే కొన్ని బాక్టీరియాలు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. దురద, ఎరుపు, తలనొప్పి తెప్పించేది ఇదే. ఒకసారి తయారైతే వేయించినా పోదు, పులుసులో మరిగించినా పోదు, గడ్డకట్టించినా పోదు. సుషీ కోసం చేపని చాలా చల్లగా గడ్డకట్టిస్తే పురుగులు చస్తాయి, హిస్టమిన్ మాత్రం అలాగే ఉంటుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ కిలో చేపలో 200 మిల్లీగ్రాములకు మించి ఉండకూడదంటుంది. వాసన బాగున్నంత మాత్రాన ఆ హద్దు దాటలేదని చెప్పలేం. కొద్దిపాటి హిస్టమిన్‌ని మన పేగుల్లో ఉండే డయమీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది, కాబట్టి మామూలు మనిషికి తేడా తెలియదు. ఆ ఎంజైమ్ సరిగా పనిచేయనివాళ్లకి మాత్రం, చుట్టూ ఉన్నవాళ్లు హాయిగా తిన్న చేపే మొహం ఎర్రబారేలా, గుండె దడదడలాడేలా, తల పగిలిపోయేలా చేస్తుంది. ఇది చేప అలర్జీ కాదు. అలర్జీ పరీక్ష చేయిస్తే ఏమీ తేలకపోవచ్చు.

పుట్టుకతో ఈ ఎంజైమ్ తక్కువగా ఉండటం గురించి వైద్యుల్లో ఇంకా వాదోపవాదాలున్నాయి. మందు వల్ల అది అణిగిపోవడం మాత్రం మందు కాగితాల మీదే అచ్చయిన సంగతి. ఆ మందు ఐసోనియాజిడ్. క్షయకు వాడే నాలుగు ముఖ్యమైన మందుల్లో ఒకటి, మన దేశంలో నాలుగూ కలిపి ఒకే గోళీగా ఇస్తారు గనక దాని పేరు రోగికి చాలాసార్లు తెలియదు. డాట్స్ (ప్రభుత్వ క్షయ చికిత్స) గోళీ అంటే మామూలుగా అందులో అదీ ఉన్నట్టే. టీబీ రాని ఇంటివాళ్లకి, అది రాకుండా ముందు జాగ్రత్తగా ఇచ్చే గోళీల్లోనూ చాలావాటిలో ఇదే ఉంటుంది. కాబట్టి మింగేవాడు చూడ్డానికి నిక్షేపంలా ఉండొచ్చు. పొరుగునున్న శ్రీలంకలో సి.జి. ఉరగొడ, ఎస్.ఆర్. కొట్టెగొడ 1977లో ఈ సంబంధాన్ని పత్రికకెక్కించారు. ఐసోనియాజిడ్ వాడుతున్న క్షయ రోగులు ట్యూనా జాతి చేప తిన్నాక మొహం ఎర్రబడి, తలనొప్పితో, దడతో అవస్థపడ్డారు. ఆ తర్వాత ఆ దేశం నుంచే ఇలాంటి నివేదికలు మరికొన్ని వచ్చాయి. శ్రీలంకలోనే ముందు తేలడానికి కారణం ఊహించవచ్చు: క్షయా ఉంది, ఆ చేపా రోజూ తినేదే. ముంబైలో ఈ రెండూ ఉన్నాయి. సెవ్రీలో పెద్ద క్షయ ఆసుపత్రి ఉంది, సస్సూన్ డాక్ నుంచి, భావుచా ధక్కా నుంచి బంగడా వస్తుంది. పొద్దున మంచు మీద అమ్మిన చేపకీ, సాయంత్రం ధర తగ్గాక కొన్న చేపకీ మధ్య గడిచే గంటల్లోనే హిస్టమిన్ పెరుగుతుంది. తక్కువ ధరకి కొనేవాళ్లే ఆ గంటల్ని కూడా కొనుక్కుంటున్నారు.

ఇప్పుడు చాల్‌లో గోళీలు మింగుతున్న మనిషి ఒకరు పంక్తికి వచ్చారనుకోండి. ఆ మనిషికి కిందటిసారి బంగడా తిన్నాక ఏమైందో గుర్తుంది. 'చేప వద్దు వదినా' అంటే వెంటనే వచ్చే ప్రశ్న 'ఎందుకు?' దానికి నిజం చెబితే క్షయ సంగతి చెప్పాలి. గోడకీ గోడకీ మధ్య మాట దాగని చోట ఆ సంగతి బయటపడితే పిల్ల సంబంధం తప్పిపోవచ్చు, పనిలోంచి తీసేయవచ్చు, గ్లాసు వేరుగా పెట్టవచ్చు. అందుకని మనిషి ఏదో ఒక అబద్ధం ఆడతాడు, లేదా మర్యాదకి తింటాడు. తిన్నాక మళ్లీ దడ వస్తే అనుమానం చేప మీద ఆగదు, గోళీ మీదికి పోతుంది. 'ఈ గోళీ నాకు పడటం లేదు' అని ఆపేస్తే అసలు ప్రమాదం అక్కడుంది. మందులకు లొంగని క్షయకు ఈ నగరం ఇప్పటికే పేరుమోసింది, 2011 చివర్లో హిందూజా ఆసుపత్రి వైద్యులు ఏ మందుకూ లొంగని రోగుల గురించి రాసినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మందు సగంలో ఆపడం ఆ దారిలో ఒక మెట్టు. ఒక్క 'ఎందుకు' అనే ప్రశ్నకి ఇంత దూరం పోవడం అతిగా తోచవచ్చు. కానీ వద్దన్న మాటకి కారణం చెప్పనక్కర్లేని చోట ఈ గొలుసు మొదలే కాదు.

దీనికి రెండు గట్టి అభ్యంతరాలు వస్తాయి. మొదటిది ముంబైకే ప్రత్యేకం. ఈ నగరంలో 'మీరేం తింటారు' అన్న ప్రశ్న అమాయకమైనది కాదు. మాంసాహారులకి ఇల్లు అద్దెకివ్వని సొసైటీలు దాన్నే జల్లెడలా వాడుకుంటాయి, తిండి అడిగి కులం తెలుసుకుంటారు. కామాఠీపురాలోని మాల మాదిగ కుటుంబాలు ఈ ప్రశ్నని తరతరాలుగా విన్నాయి. అలాంటిచోట వచ్చినవాళ్లని ముందే అడగమంటారా? ఇది తేలిగ్గా తోసేయదగ్గ మాట కాదు, నా వాదనలో ఇదే బలహీనమైన చోటని కూడా ఒప్పుకోవాలి. అయితే రెండు ప్రశ్నలకీ తేడా ఉంది. 'ఏం తింటావు' అన్నది మనిషిని కొలుస్తుంది. 'ఏం పెట్టకూడదు' అన్నది వంటని సరిచేస్తుంది. మొదటిదానికి జవాబు వస్తే తలుపు మూసుకుంటుంది, రెండోదానికి జవాబు వస్తే పొయ్యి మీద ఇంకో గిన్నె ఎక్కుతుంది. కారణం అడగకూడదన్న షరతు ఇక్కడే అక్కరకొస్తుంది. పూజవల్లా, ఒట్టువల్లా, గోళీవల్లా, ఇష్టంలేకా అన్నది పక్కనబెడితే, ఆ జవాబుతో కులం తీయడానికి వీలుండదు.

రెండోది వైద్యుల వైపు నుంచి వస్తుంది. లక్షలమంది ఐసోనియాజిడ్ మింగుతూ చేప తింటున్నారు, చాలామందికి ఏమీ కాదు, ఈ భయం పెడితే పేదవాడు ఉన్న ఒక్క మాంసకృత్తుల తిండీ మానేస్తాడు కదా అంటారు. నిజమే. క్షయలో తిండి మందుతో సమానమని 2023లో వెలువడిన జార్ఖండ్ రేషన్స్ పరిశోధన మళ్లీ చూపించింది. రోగుల ఇళ్లకు అదనపు రేషన్ ఇస్తే ఆ ఇళ్లల్లో కొత్తగా క్షయ వచ్చేవాళ్లు సుమారు 40 శాతం తగ్గారు. నిక్షయ్ పోషణ్ యోజన కింద క్షయ రోగికి తిండి కోసం నెలకు ఇచ్చే 500 రూపాయల్ని 2024 నవంబరులో వెయ్యి చేయడం వెనకా ఈ ఆలోచనే ఉంది. కాబట్టి చేపలన్నీ మానమనడం తెలివితక్కువ సలహా. తాజాగా, మంచు మీద దొరికిన చేపలో హిస్టమిన్ తక్కువ. కోర్సు నడిచే నెలల్లో కానాగంత, ట్యూనా, వంజరం, కవళ్ల బదులు గుడ్డు, పప్పు, కోడి తినవచ్చు. ఒకసారి ఒళ్లు ఎర్రబడినవాళ్లు గోళీ ఆపకుండా ఆ రోజే డాట్స్ కేంద్రంలో చెప్పాలి, తిన్న చేప పేరుతో సహా. ఈ బాధ అరుదైనదే గనక ఎవరూ హెచ్చరించరు. ఎవరూ హెచ్చరించరు గనకే అది వచ్చినవాడు ఒంటరివాడవుతాడు.

కారణం అడగకపోతే వంటవాడికి తెలియాల్సిందీ తెలియదేమో అన్న సందేహానికి సుషీ బల్ల దగ్గరే జవాబుంది. కారణం అక్కర్లేదు గాని మోతాదు కావాలి. రొయ్య అలర్జీ ఉన్నవాడికి రొయ్య కోసిన కత్తితో మరో చేప కోసినా ప్రమాదమే. గోధుమ పడని సీలియాక్ రోగికి మామూలు సోయా సాస్ ఒక్క చుక్క కూడా పనికిరాదు, ఎందుకంటే దాన్ని సోయాతోపాటు గోధుమ వేసి పులియబెడతారు. హిస్టమిన్ విషయంలో కత్తికి అంటింది లెక్కలోకి రాదు, ఎంత తిన్నారన్నదే లెక్క. అందుకని అడగాల్సింది 'దగ్గరికే రాకూడదా, తినకపోతే చాలా' అని. చట్టం సగం దూరమే వస్తుంది. మన ఆహార భద్రతా సంస్థ 2020 నిబంధనల ప్రకారం పది, అంతకుమించి శాఖలున్న హోటళ్లు చేప, గుడ్డు, పాలు, సోయా లాంటి అలర్జీ పదార్థాల వివరం ఇవ్వాలి. హిస్టమిన్ వంటలో వేసే పదార్థం కాదు, చేపలో పుట్టేది, గనక అది ఏ జాబితాలోనూ ఉండదు. బోనాల పంక్తికి జాబితాలే ఉండవు.

మిల్లులుండిన లోయర్ పరేల్‌లో ఇప్పుడు మాల్‌లున్నాయి. ఒకప్పుడు మగ్గాల దగ్గర నిలబడిన కుటుంబాల పిల్లలు అదే నేల మీద ఆఫీసుల్లో పనిచేస్తున్నారు, జీతం పెరిగితే తోటివాళ్లు సుషీకి పిలుస్తారు. ఆ పళ్లెంలో ముందుండేది ట్యూనానే. ఇంట్లో అమ్మకి క్షయ తేలి, తనూ ముందు జాగ్రత్త గోళీలు మింగుతున్న కుర్రవాడు ఆ బల్ల దగ్గర 'ట్యూనా వద్దు, దోసకాయ రోల్ చాలు' అంటే వడ్డించేవాడు తలూపి రాసుకుంటాడు. రాత్రి ఇంటికెళ్లి బంగడా వద్దంటే మేనత్త ఊరుకోదు. కుర్రవాడు పంక్తికి వెళ్లేముందే ఫోన్ చేసి 'అత్తా, ఈ నాలుగు నెలలు చేప పెట్టకు, గుడ్డుంటే చాలు' అనడం, ఆమె 'సరే బిడ్డా' అని ఊరుకోవడం నేర్చుకోదగ్గవే. కోర్సు ముగిసి మందు ఒంట్లోంచి పోయాక, వైద్యుణ్ణి అడిగి, కానాగంతల పులుసు మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు.