మనిషి లేని నౌకకు మెదడు

కెర్బల్ స్పేస్ ప్రోగ్రాం అను అంతరిక్షయాన క్రీడ 2011లో వెలువడినది. ఇందులో కంప్యూటరు తెరపై రాకెట్టును కూర్చి ఎగురవేయవచ్చును. వ్యోమగామి లేని నౌకలో నియంత్రణ పేటిక యొకటి ఉండవలెను. వీనిలో మిక్కిలి సరళమైనది ‘స్టేపుట్నిక్’ అను గోళము. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ ప్రయోగించిన స్పుత్నిక్ దీనికి మాతృక.

ఈ పేటికకు ఆహారము విద్యుత్తు. దానిలో పట్టునది 10 ప్రమాణములు. నిమిషమునకు ఖర్చు సుమారు 1.67. అనగా ఆరు నిమిషములే ఆయువు! సూర్యఫలకములను వెంట పంపిన చాలదా యందురా? మడిచియున్న ఫలకమును విప్పుటకు ఆజ్ఞ కావలెను; ఆజ్ఞ నందుకొనుటకు విద్యుత్తు కావలెను. బ్యాటరీ ఇంకిన పిమ్మట ఎండ ఎంత కాసినను నౌక పలుకదు. మడవని చిన్న ఫలకము నొకదానిని ముందుగనే అమర్చుకొనుట తెలివి.

అసలు స్పుత్నిక్‌కు సూర్యఫలకములే లేవు. దాని రేడియో సుమారు మూడు వారములు కూసి, బ్యాటరీలతోపాటు మూగవోయినది. గోళము మాత్రము 1958 జనవరి 4 వరకు భూమిని చుట్టుచునే యుండెను. ప్రదక్షిణమునకు విద్యుత్తుతో పనిలేదు గదా!

క్రీడలో ఒక లోపము కలదు. ఆజ్ఞ తక్షణమే చేరును. నిజముగా అంగారకుని చేరుటకు రేడియో సంకేతమునకు, దూరమును బట్టి, 3 నుండి 22 నిమిషములు పట్టును.