పైరు పాలిపోతే యూరియా చల్లకండి.. ముందు నేలలో సున్నం చూడండి

వానాకాలం మొదట్లో మంచిగా మొలిచిన సోయా, పసుపు, వేరుశనగ చేలలో నెల తిరగకుండానే లేత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే ఇంకా తెల్లబడతాయి. రైతు చూసి నత్రజని తక్కువైందని బస్తా యూరియా చల్లుతాడు. రంగు మారదు. ఈసారి డి.ఏ.పి. వేస్తాడు. అయినా మారదు. ఎరువు పైసలు పోతాయి, పంట వెనుకబడుతుంది. ఇట్లాంటి చోట చాలాసార్లు లోపం ఎరువులో ఉండదు. నేలలో ఉన్న సున్నం పోషకాలను పట్టి ఉంచడమే అసలు కారణం. ఈ నేల గుణం తెలిస్తే తక్కువ ఖర్చుతోనే పంటను దారికి తెచ్చుకోవచ్చు.

మన నేలకు సున్నం ఎక్కడిది?

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఎర్ర చెలకలు, దుబ్బలు, నల్లరేగళ్లు కలిసి ఉన్నాయి. వీటి నడుమ లేత బూడిద రంగులో గాని, గోధుమ రంగులో గాని ఉండే గరప నేలలు అక్కడక్కడ కనిపిస్తాయి. దున్నితే తెల్లని సున్నపు గుల్లలు, సుద్ద ముక్కలు పైకి వస్తాయి. ఇవే సున్నపు గరప నేలలు.

సున్నం రెండు విధాల చేరింది. మొదటిది కింది రాయి. పెన్‌గంగ ఒడ్డున సున్నపురాయి పొరలున్నాయి. మంచిర్యాల, దేవాపూర్, బసంత్‌నగర్, ఆదిలాబాద్‌లలో సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టింది సున్నపురాయిని చూసుకునే. ఆదిలాబాద్, భైంసా, ముథోల్ వైపు నల్లరాయి కరిగి రేగడి అయింది. ఆ రాయిలోనూ కాల్షియం ఎక్కువే.

రెండోది మన వాతావరణం. వాన నాలుగు నెలలే, మిగతా ఎనిమిది నెలలు ఎండ. వాన నీరు సున్నాన్ని కొంత కరిగించి కిందికి తీసుకుపోతుంది. దాన్ని పూర్తిగా కడిగేసేటంత వాన ఉండదు. అడుగు, రెండడుగుల లోతుకు పోయాక నీరు ఆరిపోతుంది, సున్నం అక్కడే గుల్లలుగా పేరుకుంటుంది. ఏండ్లకేండ్లు ఇట్లా జరిగి కొన్నిచోట్ల గట్టి పొర కట్టింది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లని పొర కడుతున్నదంటే ఆ నీళ్లతో కూడా ఏటా కొంత సున్నం పొలానికి చేరుతున్నట్టే.

నేలలో మంచీ ఉంది, చెడూ ఉంది

సున్నపు గరప నేలను పనికిరాని నేల అనుకోవద్దు. మట్టి పొడిపొడిగా ఉండి నాగలికి సులువుగా వస్తుంది. నీరు తొందరగా ఇంకుతుంది. కాల్షియానికి కొదువ లేదు. పులుపు నేలల బాధ ఉండదు. పత్తి, కంది మిగతా పంటలకన్నా ఈ నేలను బాగా తట్టుకుంటాయి.

చెడు గుణాలు కూడా తెలిసి ఉండాలి. వాన పడి ఎండ కాస్తే పైపొర అట్ట కడుతుంది, చిన్న విత్తనం మొలక బయటికి రాలేదు. రేగడి అంత తేమను నిలుపుకోదు. సేంద్రియ పదార్థం తక్కువ. కింద సున్నపు పొర గట్టిగా ఉంటే వేరు అక్కడే ఆగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, పోషకాలకు తాళం పడటం. సున్నం ఉన్న నేల ఉదజని సూచిక సాధారణంగా 7.5 నుంచి 8.5 మధ్య ఉంటుంది. ఈ స్థితిలో ఇనుము, జింకు, మాంగనీసు నీటిలో కరగవు. మట్టిలో ఉన్నా వేరుకు అందవు. వేసిన భాస్వరం సున్నంతో కలిసి కరగని రూపానికి మారుతుంది. యూరియాను పైపైన చల్లి వదిలేస్తే అమ్మోనియా వాయువుగా మారి గాలిలో కలుస్తుంది. రైతు ఎరువు వేస్తూనే ఉంటాడు, పంటకు అందేది మాత్రం కొంతే.

ఆకు చెప్పే మాట

ఏ లోపమో ఆకును చూసి చాలావరకు తెలుసుకోవచ్చు. ముదురు ఆకులు ముందు పసుపుబారితే నత్రజని లోపం. లేత ఆకులు ముందు పాలిపోయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే ఇనుప ధాతు లోపం. ముసురు పట్టినప్పుడు ఇది ఎక్కువవుతుంది. మట్టిలో గాలి ఆడక బొగ్గుపులుసు వాయువు నిలిచి, సున్నం మరింత కరిగి, వేరుకు ఇనుము అందకుండా చేస్తుంది. నేల ఆరితే కొంత తేరుకుంటుంది.

మక్క చేనులో లేత ఆకుల నడి ఈనెకు రెండు పక్కలా తెల్లని పట్టీలు వస్తే జింకు లోపం. నాటేసిన వరిలో రెండు నుంచి ఆరు వారాల మధ్య ఆకులపై తుప్పు రంగు మచ్చలు వచ్చి, మొక్క గిడసబారి, ఆకు వంచితే పెళుసుగా విరిగినా జింకు లోపమే.

వరిలో ఇంకో విచిత్రం ఉంది. నీళ్లు నిలిచిన మడిలో ఇనుము కరిగే రూపానికి మారుతుంది కాబట్టి ఆ లోపం సాధారణంగా రాదు. మెట్ట నారుమళ్లలో, పొడి దుక్కిలో వెదజల్లిన వరిలో వస్తుంది. జింకు లోపం దీనికి తిరుగు, నీళ్లు నిలిచిన మడిలోనే ఎక్కువ. ఉత్తరాదిన తరాయి ప్రాంతపు సున్నపు నేలల్లో వరిని పాడుచేసిన ‘ఖైరా’ తెగులుకు జింకు లోపమే కారణమని 1966లో పంత్‌నగర్‌లో కనుగొన్నది శాస్త్రవేత్త వై.ఎల్. నేనే. ఆయన తర్వాత మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో పనిచేశారు.

ఇంటి దగ్గరే పరీక్ష

పొలంలో పైమట్టి, అడుగు లోతు మట్టి, రెండడుగుల లోతు మట్టి వేరువేరుగా చిటికెడు తీసుకోండి. గాజు పాత్రలో గాని, పింగాణీ పలకపై గాని పెట్టి నాలుగు చుక్కల పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేయండి. ఆమ్లం చేతికి, కంటికి తగలకుండా జాగ్రత్త పడాలి. నురుగు రాకపోతే సున్నం లేనట్టే. అక్కడక్కడ బుడగలు వస్తే కొద్దిగా ఉంది. బుసబుసమని పొంగితే ఎక్కువగా ఉంది. ఆమ్లం దొరకకపోతే నిమ్మరసం పిండి చూడవచ్చు, నురుగు తక్కువగా వస్తుంది.

శాతం ఎంతో తెలియాలంటే భూసార పరీక్ష చేయించాలి. 2015లో మొదలైన భూసార ఆరోగ్య పత్రంలో 12 అంశాలు ఉంటాయి. ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్. సున్నం శాతం ఇందులో లేదు. కాబట్టి మట్టి ఇచ్చేటప్పుడే సున్నం కూడా చూడమని ప్రత్యేకంగా అడగాలి. పండ్ల తోట పెట్టేవారు పైమట్టి ఒక్కటే ఇస్తే చాలదు. ఐదారు అడుగుల గుంత తవ్వి అడుగడుగుకూ మట్టి తీసి ఇవ్వాలి. బత్తాయి, నిమ్మ సున్నాన్ని ఓర్వవు. నాటిన నాలుగైదేండ్లకు వేరు సున్నపు పొరను తాకి చెట్టు ఎండిపోతే పెట్టుబడి మొత్తం పోతుంది.

చౌడు వేరు, సున్నపు నేల వేరు

చాలామంది తెల్లగా కనిపించిన నేలనల్లా చౌడు అంటారు. జిప్సం తెచ్చి వేస్తారు. జిప్సం పనిచేసేది సోడియం ఎక్కువైన కారు చౌడుకు. అక్కడ ఉదజని సూచిక 8.5 దాటుతుంది, నీరు ఇంకదు, మట్టి తడిస్తే జిగటగా, ఎండితే రాయిలా ఉంటుంది. ఒట్టి సున్నపు నేలలో నీరు బాగానే ఇంకుతుంది. దానికి జిప్సం వేస్తే సున్నం తగ్గదు, ఖర్చు మాత్రం మీద పడుతుంది.

మరి సున్నాన్నే తీసేయరాదా అంటే లెక్క చూడండి. ఎకరం నేలలో పై ఆరంగుళాల మట్టి సుమారు 900 టన్నులు. అందులో 5 శాతం సున్నం ఉంటే 45 టన్నులు. దాన్ని కరిగించడానికి 14 టన్నులకు పైగా గంధకం కావాలి. చిన్న రైతుకు అయ్యే పని కాదు. సున్నం ఉండనే ఉంటుంది, దాన్ని తప్పించుకొని పంటకు పోషకం అందించడమే మనం చేయగలిగింది.

ఏం చేయాలి?

* ఎకరానికి నాలుగైదు టన్నుల మాగిన పశువుల పెంట వేయండి. వీలైన చోట జీలుగ, జనుము పెంచి పూతకు ముందు కలియదున్నండి. పచ్చిరొట్ట కుళ్లేటప్పుడు వచ్చే ఆమ్లాలు తాళం పడిన పోషకాలను కొంత వదిలిస్తాయి.

* భాస్వరం ఎరువును చల్లవద్దు. పశువుల ఎరువుతో కలిపి సాలులో, విత్తనానికి పక్కన, కాస్త కింద పడేటట్టు వేయండి. భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా కల్చరును చివికిన ఎరువులో కలిపి వాడవచ్చు.

* యూరియాను ఒకేసారి కాక రెండు, మూడు దఫాలుగా, పదును ఉన్నప్పుడు మొక్క పక్కన వేసి మట్టి కప్పండి.

* వరికి ఆఖరి దమ్ములో, మక్కకు ఆఖరి దుక్కిలో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేయండి. రెండు, మూడు పంటలకు ఒకసారి వేస్తే చాలు. భాస్వరం ఎరువుతో కలపకండి, రెంటికీ కనీసం మూడు రోజుల ఎడం ఉండాలి. పైరులో లోపం కనిపిస్తే లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి ఐదారు రోజుల ఎడంతో రెండు, మూడు సార్లు పిచికారీ చేయండి.

* ఇనుము లోపానికి అన్నభేదిని నేలలో వేస్తే కొద్ది రోజుల్లోనే తుప్పుగా మారి వృథా అవుతుంది. ఆకుల మీదే కొట్టాలి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం ఎడంతో రెండు, మూడు సార్లు సాయంత్రం పూట పిచికారీ చేయండి. నిమ్మ ఉప్పు అన్నభేది తుప్పు పట్టకుండా చూస్తుంది. కలిపిన మందు అప్పటికప్పుడే వాడాలి, గోధుమ రంగుకు తిరిగితే పనిచేయదు.

* దుకాణంలో చీలేటు ఇనుము అంటగడితే ఏ రకమో అడగండి. ఇ.డి.టి.ఏ. రకాన్ని సున్నపు నేలలో మట్టికి వేస్తే నిలువదు. ఇ.డి.డి.హెచ్.ఏ. రకం నిలుస్తుంది కాని ధర ఎక్కువ.

* పొలం చదును చేయించేటప్పుడు పైమట్టిని ఓ పక్కకు తీయించి, చదునయ్యాక మళ్లీ పరిపించండి. లేకపోతే కింది సున్నపు మట్టి పైకి వచ్చి, ఆ చెక్కలో రెండు, మూడేండ్ల వరకు పంట ఎర్రబడుతుంది.

* చెరువు మట్టి మంచిదే. తోలించే ముందు దానిమీద కూడా నాలుగు చుక్కల ఆమ్లం వేసి చూడండి. పొంగితే ఆ మట్టి ఎర్ర చెలకకు పోవాలి, సున్నపు నేలకు వద్దు.

బీడు పెట్టిన భూములకు

దున్నలేని సున్నపు బీళ్లు, గుట్ట బోర్లు మేకలు, గొర్లు, పశువుల మేతకే ఉన్నాయి. ఎడతెగకుండా మేపితే గడ్డి దుబ్బు చచ్చి, పైమన్ను వానకు కొట్టుకుపోయి తెల్లని పొర బయటపడుతుంది. ఆ తర్వాత అక్కడ గడ్డి పట్టడం కష్టం. వాలుకు అడ్డంగా కట్టలు వేసి, వానల తొలి రెండు నెలలు పశువులను తోలకుండా కాపాడాలి. అంజన్ గడ్డి, స్టైలో హమాటా విత్తనం తొలకరికి చల్లుకోవచ్చు. సుబాబుల్ సున్నపు నేలను ఇష్టపడుతుంది, గట్ల మీద పెడితే మేతా, కట్టెలూ వస్తాయి. రేగు, సీతాఫలం కూడా ఓర్చుకుంటాయి.

ఉమ్మడి కరీంనగర్ రైతులు జగిత్యాల దగ్గర పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో, ఆదిలాబాద్ రైతులు అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానంలో సలహా అడగవచ్చు. పోయేటప్పుడు పాలిపోయిన మొక్కను వేరుతో సహా, పొలం మట్టిని అరకిలో తీసుకుపోండి. పంట కోసి నేల ఖాళీగా ఉండే ఏప్రిల్, మే నెలలు మట్టి పరీక్షకు అనువైన కాలం. వచ్చే పంటకు ఎరువులు కొనేముందే ఆ పని పూర్తి చేసుకుంటే, అక్కర లేని బస్తా ఒకటైనా తగ్గుతుంది.