మీకు తెలుసా? యుద్ధం కలిపిన జంట, 45 ఏళ్ల కాపురం

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన సంగతి ఇక్కడి పెద్దల నోట చాలామంది వినే ఉంటారు. అదే రెండో ప్రపంచ యుద్ధం బంగాళాఖాతం ఆవలి ఒడ్డున ఇద్దరు సైనికులను ఒకటి చేసింది. వాళ్లే ఆజాద్ హింద్ ఫౌజు వీరులు కెప్టెన్ లక్ష్మి, కర్నల్ ప్రేమ్ సెహగల్.

● లక్ష్మి 1914లో మద్రాసులో పుట్టారు. తల్లి అమ్ము స్వామినాథన్ తర్వాతి కాలంలో రాజ్యాంగ సభ సభ్యురాలు. నర్తకి మృణాళినీ సారాభాయి సొంత చెల్లెలు. లక్ష్మి మద్రాసు మెడికల్ కాలేజీలో 1938లో ఎంబీబీఎస్ పూర్తిచేసి, 1940లో సింగపూర్ వెళ్లారు. అక్కడి వలస కూలీలకు వైద్యం చేశారు.

● 1943లో ఫౌజు అధినేత నేతాజీ సుభాష్ చంద్రబోస్ పిలిస్తే ప్రాక్టీసు వదిలేసి, ఫౌజులోని మహిళా దళం ఝాన్సీరాణి రెజిమెంటుకు నాయకత్వం వహించారు. ఆ ఏడు అక్టోబరు 21న సింగపూర్‌లో ఏర్పడిన ఆజాద్ హింద్ ప్రభుత్వంలో మంత్రి పదవి దక్కిన ఏకైక మహిళ ఆవిడే.

● ప్రేమ్ పంజాబీ. బ్రిటిష్ ఇండియా సైన్యంలో బలూచ్ రెజిమెంటు అధికారి. 1942లో జపాన్‌వాళ్లకు యుద్ధఖైదీగా చిక్కి, తర్వాత ఫౌజులో చేరారు. నేతాజీకి మిలిటరీ సెక్రటరీగా పనిచేశారు. 1945లో బర్మాలోని పోపా కొండ దగ్గర రెజిమెంటును నడిపారు. ఆయనకూ లక్ష్మికీ స్నేహం కుదిరి, ప్రేమగా మారింది ఆ ఫౌజులోనే.

● 1945లో ఇద్దరూ బ్రిటిష్‌వాళ్లకు పట్టుబడ్డారు. లక్ష్మిని బర్మాలోనే నిర్బంధించారు. షానవాజ్ ఖాన్, గురుబక్ష్ సింగ్ ధిల్లాన్‌లతోపాటు ప్రేమ్‌ను ఢిల్లీ ఎర్రకోటలో బోనెక్కించారు. వాళ్ల తరఫున భూలాభాయ్ దేశాయ్ వాదించారు. దేశమంతా అట్టుడికింది. ముగ్గురికీ యావజ్జీవ ద్వీపాంతరవాసం విధించినా, 1946 జనవరి మొదటి వారంలోనే శిక్ష రద్దు చేయక తప్పలేదు. లక్ష్మి ఆ మార్చిలో స్వదేశం చేరారు.

● మరో ఏడాదికి, 1947 మార్చిలో, లాహోరులో వాళ్ల పెళ్లి జరిగింది. ఆరు నెలలు తిరక్కుండానే లాహోరు పాకిస్తాన్‌లోకి వెళ్లిపోయింది. కాన్పూరులో కాపురం పెట్టారు. ప్రేమ్ బట్టల మిల్లు ఉద్యోగంలో చేరారు. దేశ విభజనలో సర్వం పోగొట్టుకుని వచ్చిన శరణార్థులకు లక్ష్మి వైద్యం చేశారు. పెద్ద కూతురి పేరు సుభాషిణి, రెండో అమ్మాయి అనీస.

● 1971లో బంగ్లాదేశ్ శరణార్థులకూ, 1984లో భోపాల్ గ్యాస్ బాధితులకూ చికిత్స చేయడానికి ఆవిడ స్వయంగా వెళ్లారు. 1992లో ప్రేమ్ కన్నుమూసేదాకా, 45 ఏళ్లు, ఆ కాపురం సాగింది. 1998లో ఆవిడకు పద్మవిభూషణ్ వచ్చింది. 2002లో రాష్ట్రపతి పదవికి అబ్దుల్ కలాంపై పోటీచేశారు. 2012 జులై 23న, 97 ఏళ్ల వయసులో, కాన్పూరులో మరణించారు. ఆవిడ కోరిక ప్రకారం దేహాన్ని వైద్య విద్యార్థుల కోసం అప్పగించారు.

● ఈ చరిత్రలో మనవాళ్లూ ఉన్నారు. 1943లో జర్మనీ నుంచి జలాంతర్గామిలో నేతాజీ వెంట వచ్చిన ఆబిద్ హసన్ హైదరాబాదీ. ఫౌజు పోరాడిన బర్మాలో, రంగూన్ రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ చెమటోడ్చిన వాళ్లలో ఉత్తరాంధ్ర తెలుగువాళ్లు వేలమంది. తర్వాతి కాలంలో తిరిగొచ్చిన కుటుంబాలకు ఆశ్రయమిచ్చిందే విశాఖలో కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు.

యుద్ధరంగంలో పుట్టిన ప్రేమ అంతకాలం నిలిచిందంటే కారణం ఒకటే: ఇద్దరూ ఒకే ఆశయానికి జీవితాన్ని అప్పగించారు. మన ఊళ్లోని బర్మా కుటుంబాల్లోనూ అలాంటి జంటల ముచ్చట్లు ఉంటాయి. మీ ఇంట తాతమ్మలు, అమ్మమ్మలు ఉంటే ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.